మేడ మీది అర్ర కొలతలు

హనుమకొండ,
జూలై 20, ఆదివారం

చిరంజీవి స్వప్నకు,

బాపు ఆశీస్సులు. నువ్వు అడిగిన కొలతలు తీశాను. తూర్పు అర్ర పొడవు 10 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 8 అడుగుల 11. పడమటి అర్ర 12 అడుగులకు 10 అడుగుల 4. ఎత్తు రెండింటికీ 9 అడుగుల 9 అంగుళాలే. పదడుగులని చెప్పి మేస్త్రీ అప్పట్లో మూడంగుళాలు మింగాడు. నేను డ్యూటీలో ఉండగా స్లాబు పోశాడు, ఆ మూడంగుళాల గురించి మీ అమ్మ ఇప్పటికీ అంటుంది.

కొలతలు ఒక్క మెసేజ్‌లో పోతాయి కదా, ఉత్తరమెందుకు అంటావు. ఫోన్లో నేను రెండో మాట ఎత్తేలోపు "తర్వాత చేస్తా బాపూ" అంటావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు. పైగా ముప్ఫై నాలుగేళ్ళు ఎం-బుక్కు, అంటే పనుల కొలతల పుస్తకం, రాసిన చెయ్యి ఇది, కొలత రాస్తే పక్కన నాలుగు మాటలు రాయకుండా ఊరుకోదు.

మీ అమ్మకు నువ్వు పెట్టిన మెసేజ్ ఏడెనిమిది సార్లు చదివాను. "పైన ఖాళీగా ఉన్న రెండు రూముల కొలతలు కావాలి. ఒకటి వాక్ ఇన్ క్లోజెట్ చేయిద్దామనుకుంటున్నా. తక్కువలో ఎంతవుతుందో బాపును అడుగు." అంతే. ఎవరికి, ఎందుకు, ఎప్పటికల్లా, ఏమీ లేదు. ఇట్లాంటి కాగితం మా సెక్షన్ ఆఫీసుకు వస్తే మా ఇంజనీరు ఏఈ సారు చదవకుండానే వెనక్కి పంపేవాడు. నేను పంపను. బిడ్డ అడిగింది, చేస్తాను. పని కోసం ఒక్క సంగతి మాత్రం తెలియాలి. ఈ బట్టల అర్ర ఒక్కరికా, ఇద్దరికా?

లెక్క మారుతుంది, అందుకే అడుగుతున్నా. హ్యాంగర్‌కు తగిలించిన బట్టకు రెండడుగుల లోతు కావాలి. మడత పెట్టి దొంతర్లుగా పెట్టేవాటికి అడుగు పావు చాలు. మనిషి నిలబడి అటూ ఇటూ తిరగడానికి మధ్యలో మూడడుగులు వదలాలి. చొక్కాలు, కుర్తీలు అయితే ఒకదాని కింద ఒకటి రెండు రాడ్లు వేయొచ్చు, ఒక్కోదానికి 40 అంగుళాలు వదిలితే సరిపోతుంది. నీ పొడుగు డ్రెస్సులకు మాత్రం కింద ఐదడుగులు ఖాళీ ఉండాలి, లేకపోతే అంచులు నేల ఊడుస్తాయి. చొక్కాలు ఉంటాయా ఉండవా అనేది తెలిస్తే రెండంతస్తుల రాడ్డు ఎంత పొడవు వేయాలో చెప్తాను. అల్లుడి ఎత్తు కూడా గుర్తుంది, పై రాడ్డు ఏడడుగుల దగ్గర పెట్టినా ఆయనకు అందుతుంది. నీకు అందదు, స్టూలు కావాలి.

2018లో హైదరాబాదులో ఐకియా తెరిచినప్పుడు మీరిద్దరూ మమ్మల్ని తీసుకుపోయారు, యాదికుందా? మీ అమ్మ నడవలేక ప్రతి సోఫాలో కూర్చుంటూ వచ్చింది. నేను జేబులో టేపు పెట్టుకుని పోయాను. బట్టల అర్ర నేను మొదటిసారి చూసింది అక్కడే. నేను కొలుస్తుంటే నువ్వు సిగ్గుపడి దూరంగా పోయావు. టేపు రెండో కొన అల్లుడే పట్టుకున్నాడు. "మామయ్యా, 23 అంగుళాలు" అని నాకంటే గట్టిగా చదివాడు. ఆ కాగితం ఇంకా నా డైరీలో ఉంది. మొన్న పైన కొలవడానికి ఆ రెండో కొన పట్టే మనిషి లేక గోడకు మేకు కొట్టి తగిలించాను. మేకు రెండుసార్లు ఊడింది.

సరే, పనిలోకి వస్తాను. పెద్దది కదా అని పడమటి అర్ర అడుగుతావేమో. వద్దు. వాన మనకు పడమటి నుంచే కొడుతుంది. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి ఊరంతా మునిగినప్పుడు మన ఇంట్లోకి నీళ్ళు రాలేదు గానీ పడమటి గోడకు మాత్రం లోపలి వైపు అరచెయ్యంత మరక వచ్చింది. పైన రంగు వేశాను, మరక రంగు కిందే ఉంది. ఆ గోడకు బట్టలు ఆనించకూడదు. ఎంత ఖరీదైన చెక్క పెట్టినా అంతే.

ఈ మాట నేను అంటుంటే మీ అమ్మ వంటింట్లోంచి నవ్వుతుంది. 1996 సంగతి నీకు తెలియదు, అప్పటికి నీకు మూడేళ్ళు. మీ అన్నకు కొంచెం తెలుసు. చెప్తా విను.

కింది అర్రలో, ఇప్పుడు నీళ్ళ ఫిల్టరు ఉన్న చోట, గోడలోనే ఒక గూడు ఉండేది. దానికి చట్రం, రెండు తలుపులు బిగిస్తే అల్మారీ అయిపోతుంది, కొత్త బీరువా ఖర్చు తప్పుతుంది అని నా లెక్క. మన వడ్ల లక్ష్మణాచారి వాళ్ళ నాన్న వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. "సారూ, దీని వెనక స్నానాల గది కదా, వద్దు" అన్నాడు. నేను వినలేదు. అప్పుడు నేను హుజూరాబాద్ సెక్షన్‌లో ఉన్నాను. కాకతీయ కాలువ గట్టు మీద నడుస్తూ అవతలి వైపు మట్టి రంగు చూసి లైనింగు ఎక్కడ పగిలిందో చెప్పేవాణ్ణి. నాకు వడ్లాయన చెమ్మ గురించి చెప్పడమేమిటి? అల్మారీ చేయించాను. మీ అమ్మ పెళ్ళి చీర, బాపమ్మ నేత చీరలు, మీ ఇద్దరి పురుడునాటి బొంతలు, అన్నీ అందులోకే పోయాయి. అడుగున పాత పేపర్లు పరిచింది.

నేను వారానికోసారి వచ్చేవాణ్ణి. కాలువకు నీళ్ళు వదిలితే పదిహేను రోజులకోసారి. ఆ ఏడు వానాకాలమంతా అట్లనే గడిచింది. సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాను. మీ అమ్మ తలస్నానం చేసి అల్మారీ ముందు నేల మీద కూర్చుని ఉంది. ముందర బాపమ్మ చీరలు. చీరలంటే చీరలు కావు, అట్ట. చెదలు పేపరు తిని, చెక్క తిని, నేత చీరల్లోకి పోయి మట్టి కట్టాయి. పెళ్ళి చీర పై అరలో ఉంది కాబట్టి చెదలు అంటలేదు, కానీ బూజు పట్టింది. మడత విప్పుతుంటే మడత ఎక్కడుందో అక్కడే పర్రున చిరిగింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గోడలో పైపు వంపు దగ్గర సన్నగా కారుతుంది, అంతే. ఒక సాకెట్, పిడికెడు సిమెంటు పని.

మీ అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మామూలు చీర కట్టుకుని, తంగేడు పూలతో పేర్చి పెట్టిన బతుకమ్మ నెత్తిన పెట్టుకుని పోయింది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తుంది, బట్టలు ఇస్తుంది, మాట లేదు. పదో రోజున నేనే అడిగాను, నీకు ముందు తెలియలేదా అని. "జ్యేష్ఠంలోనే వాసన వచ్చింది" అంది. "పేపరు తడిగా తగిలింది. నువ్వు లేనప్పుడు చీరలు మిద్దె మీద ఎండేసి మళ్ళీ సర్దేదాన్ని. వేపాకు పెట్టిన. నీకు చెప్తే అరుస్తవని చెప్పలే."

నాలుగు నెలలు, స్వప్నా. నాలుగు నెలలు ఒక్కతే ఎండేసుకుంటూ, ఆకులు పెట్టుకుంటూ, పైకి అల్మారీ తలుపు మూసి పెట్టుకుంది, నేను అరుస్తానని. చెమ్మ అనేది మొదట్లో చెప్తే పొడి గుడ్డతో పోతుంది, దాచిపెట్టిన కొద్దీ గోడే మార్చాల్సి వస్తుంది. మనిషన్నాక ఎవరో ఒకరికి... సరే, పాఠం మొదలుపెట్టాను, తెలుస్తూనే ఉంది. ఇంత మాత్రం చెప్తా. ఇప్పుడు నేను అరవడం లేదు. రెండేళ్ళ నుంచి బీపీ గోళీ వేసుకుంటున్నా, కావాలంటే మీ అమ్మను అడుగు.

భాగ్య చిన్నమ్మ కరీంనగర్ పెళ్ళిలో కలిసింది. ఆమె సంగతి నీకు తెలుసు, గోరంత దొరికితే కొండంత చేస్తుంది. అల్లుడు పెళ్ళికి ఒక్కడే వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండానే పోయాడట. నువ్వు మాదాపూర్‌లో ఏదో హాస్టల్లో ఉంటున్నావని వాళ్ళ కోడలు చెల్లెలు చూసిందట. నేను పట్టించుకోలేదు. ఆఫీసు దగ్గరని ఉంటుందేమో, ఈ ట్రాఫిక్‌లో రోజూ ఎవరు తిరుగుతారు అని నేనే అన్నాను. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. లేచి ఫ్రిజ్‌లో పాలు ఉన్నాయా అని చూస్తుంది. ఉన్నాయని తెలిసీ చూస్తుంది.

ఇక ఖర్చు. చౌరస్తా దగ్గర ఒక ఇంటీరియర్ షాపుకు పోయి అడిగాను. ఆ పిల్లవాడు కంప్యూటర్‌లో బొమ్మ గీసి లక్షా తొంభై వేలు అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చారు, తాగి వచ్చేశాను. ఆ ధరలో సగం తలుపులకూ, వాటి కబ్జాలకూ, మెరిసే ల్యామినేటుకూ, సొరుగుల ఛానెళ్ళకూ పోతుంది. అర్రకే తలుపు ఉన్నప్పుడు లోపల మళ్ళీ ప్రతి అరకూ తలుపు ఎందుకు? అన్నీ తెరిచే ఉంచుదాం. దుమ్ము అంటావా, పట్టు వాటికి మల్లు గుడ్డ చుట్టు, మిగతా వాటికి ఒక కర్టెను. సొరుగులు రెండు చాలు, గొలుసులు గాజులు పెట్టుకోవడానికి.

నా ఎస్టిమేట్ ఇది. ప్లైవుడ్ 18 ఎంఎం, నీళ్ళకు ఆగే బీడబ్ల్యూఆర్ రకం. షీటు 8 బై 4, అంటే 32 చదరపు అడుగులు. తొమ్మిది షీట్లు, అడుగు 90 రూపాయల లెక్కన 25,920. చౌక అని పార్టికల్ బోర్డు మాట ఎత్తకు, ఒక్కసారి తడిస్తే నానిన రొట్టెలా ఉబ్బుతుంది. స్టీలు రాడ్లు, బ్రాకెట్లు 3,200. లక్ష్మణాచారికీ, ఇంకో మనిషికీ కలిపి రోజుకు 2,000, తొమ్మిది రోజులకు 18,000. లైట్లు, వైరింగు 2,400. రంగు, పాలిష్ 4,500. చెదల మందు 3,500, గోడ నేలా కలిసే చోట వరసగా రంధ్రాలు వేసి పోయిస్తాను, ఇందులో బేరం లేదు. మొత్తం 57,520. నిలువు చెక్కలు కొనకుండా తప్పించాను కాబట్టి ఈ మాత్రం. ఊళ్ళో పాత ఇల్లు కూలగొట్టినప్పుడు తెచ్చిన టేకు దూలాలు గోదాంలో ఉన్నాయి కదా, సారయ్య కాక అమ్మేద్దామంటే నేను ఒప్పుకోలేదు. కోత మిషన్ దగ్గర చీరిస్తే నిలువులకు సరిపోతాయి. మేకులు ముందే పీకాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయని మిషన్ వాడు గొడవ చేస్తాడు. నిన్న కూర్చుని నలభై ఒక్క మేకులు పీకాను. కొన్ని మీ తాత కొట్టినవే అయి ఉంటాయి, చేత్తో చేసిన నాలుగు పలకల మేకులు. పారేయలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, దీనికంటే చౌక. మెడికల్ షాపుల్లో ఉంటాయి చూడు, రంధ్రాల యాంగిల్ ర్యాకులు. బోల్టులు బిగిస్తే ఒక్క పూటలో నిలబడతాయి, వద్దనుకున్న రోజు విప్పి కట్ట కట్టొచ్చు. ఆరు నెలలకో, ఏడాదికో అయితే అవే చాలు. ఎప్పటికీ ఉండేదైతే చెక్క పని చేయిద్దాం. ఇది కూడా నువ్వు చెప్పాలి. చెక్క చేయించి నువ్వు వాడకపోయినా నాకేం బాధ లేదు. ర్యాకులు పెట్టి నువ్వు ఉండిపోయినా బాధ లేదు. కొనేది ఏదో తెలియాలి కదా, అందుకని అడుగుతున్నా.

రాడ్డు నాలుగడుగులు దాటితే మధ్యలో ఊత కావాలి, బట్టల బరువుకు వంగుతుంది. అరలు కూడా మూడడుగులకు మించి ఊత లేకుండా వద్దని లక్ష్మణాచారికి చెప్పాను. అన్నిటికీ వెనక, గోడకు అంగుళం ఎడం. తూర్పు కిటికీ మూసేయొద్దు, గాలి ఆడాలి. పొద్దుటి ఎండ పట్టు మీద పడితే రంగు పోతుంది కాబట్టి కర్టెను వేద్దాం. నీ పట్టుచీరలు హ్యాంగర్లకు వేలాడదీయకు, జరీ బరువుకు సాగుతాయి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు. ఇవన్నీ మీ అమ్మ చెప్పమంది, నాకేం తెలుసు. నేలకు కొత్తవాడ షత్రంజి తెస్తా, ఎర్ర చారలది. చిన్నప్పుడు దాని మీద పడుకునే హోంవర్క్ రాసేదానివి. పాదాలకు చల్లగా తగలకుండా ఉంటుంది. చెవి నొప్పి తగ్గిందా? ఏసీ ఎదురుగా పడుకుంటావు నువ్వు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

మీ అన్న డల్లాస్ నుంచి వీడియోలు పంపాడు. వాళ్ళ బట్టల అర్రలో మన హాలు పడుతుంది. పాపం, అందులో ఉన్నవి మాత్రం నాలుగు జాకెట్లు. వాడికి నేను ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నాకే ఏమీ తెలియదు కదా.

పడమటి అర్ర ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను. నీ మంచం, పుస్తకాల స్టాండు అక్కడే ఉన్నాయి. పరుపు ఎండలో వేద్దామంటే ఈ వానలు ఆగడం లేదు. మరక గోడ వైపు నుంచి మంచం ఈ పక్కకు జరిపాను, చెమ్మ తగలదు. శుక్రవారం నుంచి శ్రావణం. ఆషాఢం పోయాక మంచి రోజు చూసి వస్తానని లక్ష్మణాచారి అన్నాడు. ఆలోపు నీ జవాబు వస్తే సరి. రాకపోతే రాడ్లు రెండు రకాలూ వేయిస్తాను. ఎడమ వైపు రెండంతస్తులు, కుడి వైపు పొడుగువి. ఎడమ వైపు ఖాళీగా ఉన్నా నష్టం లేదు, మీ అమ్మ దుప్పట్లు పెట్టుకుంటుంది.

అల్లుడికి ఫోన్ చేయలేదు. నువ్వు చెప్పేదాకా చేయను, మీ అమ్మనూ చేయనివ్వను. ఆమె అల్లుడి నెంబరు తీసి పట్టుకుని కూర్చుంటే ఫోను లాక్కున్నాను కూడా.

మామిడికాయ పచ్చడి సీసా పంపుదామంటే ఏ అడ్రసుకు పంపాలో తెలియలేదు. ఉత్తరం కూడా నీ ఆఫీసుకే పంపుతున్నా, అప్పుడెప్పుడో పార్సెల్ కోసం ఇచ్చిన అడ్రసు. పచ్చడి ఇక్కడే ఉంటుంది, నువ్వు వచ్చినప్పుడు తీసుకుపో.

ఉప్పల్ నుంచి రాత్రి బస్సు ఎక్కితే హనుమకొండ బస్టాండు దాకా పోకు, అదాలత్ దగ్గర దిగు. కాజీపేట దాటగానే ఒక్క రింగ్ ఇవ్వు, స్కూటర్ తీసుకుని వస్తా. ఆటో మాట్లాడకు. మన గల్లీలో పైపు కోసం తవ్వి వదిలేశారు, చీకట్లో కనపడదు. మేడ మెట్ల మీద బల్బు కూడా మార్చాను, మునుపటి దానికంటే వెలుతురు ఎక్కువ. రాత్రిళ్ళు దాన్ని ఆర్పడం లేదు.

పైలం బిడ్డా.

బాపు

మళ్ళీ: మీ అమ్మ అడగమంటున్నది, పెద్ద సందూక పైకి ఎక్కించాలా, కిందే ఉంచాలా? ఇద్దరు మనుషులు కావాలి, ముందే చెప్తే మాట్లాడి పెడతా.